తేయాకు పాలీఫినాల్స్, షుగరు జబ్బు: ఎలుకల మీద తేలినది మన టీ గ్లాసుకు ఎంతవరకు వర్తిస్తుంది?

గుణుపురం లెక్చరరు

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా తేయాకు మీద పనిచేసిన జీవవైద్య శాస్త్రవేత్త చుంగ్ ఎస్. యాంగ్ బృందం 2008లో ‘జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్’లో ఒక పత్రం ప్రచురించింది. డిగ్రీ విద్యార్థుల చేత దాన్ని చదివించిన తరువాత వారు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర ఉన్న సమాధానాలు సరిపోలేదు కనుక ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

ప్రయోగం ఇది. కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే వచ్చే మేత పెట్టి ఎలుకలను పెంచారు. కొన్నింటికి అదే మేతలో కిలోకు 3.2 గ్రాముల చొప్పున ఈజీసీజీ అనే పదార్థాన్ని కలిపారు. మొక్కల్లో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాలలో కాటెకిన్లు ఒక రకం. గ్రీన్ టీలోని కాటెకిన్లలో ముఖ్యమైనది ఇదే. 16 వారాలు గడిచేసరికి ఈజీసీజీ తిన్న ఎలుకలు తక్కువ బరువు పెరిగాయి, వాటి పొట్ట లోపలి కొవ్వు తక్కువగా ఉంది, ఇన్సులిన్‌కు శరీరం మొరాయించడం తగ్గింది, కాలేయంలో కొవ్వు పేరుకోవడం కూడా తగ్గింది. ఆ ఎలుకల పెంటికలలో కొవ్వు ఎక్కువగా కనబడిందన్న సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించింది. తిన్న కొవ్వులో కొంత ఒంటికి పట్టకుండానే బయటికి పోయిందన్నమాట.

ఇప్పుడు గుణుపురం, రాయగడ బజార్లలో గ్రీన్ టీ మాత్రల డబ్బాలు షుగరు తగ్గిస్తాయన్న ప్రచారంతో అమ్ముడవుతున్నాయి. అమ్మేవారు చూపించే ఆధారాలు ఇలాంటి పత్రాలే. ఈ ఫలితం మనుషులకు ఎంతవరకు వర్తిస్తుంది? మన ప్రాంతంలో తాగే నాలి చాకు (పాలు పోయని ఎర్ర టీ), పాల టీకి వర్తిస్తుందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

బరంపురం పరిశోధకురాలు

మాస్టారూ, మంచి పత్రాన్ని ఎంచుకున్నారు. నేను జీవక్రియ సంబంధ వ్యాధుల మీద పనిచేస్తున్నాను కనుక కొంచెం దీర్ఘంగానే రాస్తాను.

ముందు పదార్థం గురించి. గ్రీన్ టీ నుంచి కాటెకిన్‌ను 1929లో వేరుచేసిన వ్యక్తి జపాను శాస్త్రవేత్త మిచియో త్సుజిమురా. 1932లో ఆమె తమ దేశంలో వ్యవసాయ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ అయ్యారు. పచ్చి తేయాకును కోసిన వెంటనే ఆవిరి పట్టి గాని, పెనం మీద వేడి చేసి గాని ఆరబెడితే ఆకులోని ఎంజైము పనిచేయడం ఆగిపోయి కాటెకిన్లు చాలావరకు అలాగే మిగులుతాయి. అది గ్రీన్ టీ. ఆకును నలిపి గాలి తగలనిస్తే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఆ ఎంజైము కాటెకిన్లను థియాఫ్లేవిన్లుగా, థియారూబిజిన్లుగా మారుస్తుంది. అది బ్లాక్ టీ. మన దుకాణాల్లో దొరికే గుండ్రటి గింజల టీ పొడి, డస్టు టీ ఈ రెండో రకానివే. వాటిలో ఈజీసీజీ చాలా కొద్దిగా మిగులుతుంది. అందువల్ల ఈజీసీజీ ఒక్కదాన్నే ఎలుకలకు పెట్టి సాధించిన ఫలితాన్ని మన టీకి అలాగే తెచ్చి అంటించకూడదు.

ఇక అది పనిచేసే తీరు. యాంగ్, ఆయన సహచరులు 2016లో రాసిన సమీక్షలో రెండు మార్గాలను ప్రతిపాదించారు. మొదటిది పేగుల్లో జరిగేది: పాలీఫినాల్స్ జీర్ణ ఎంజైములను కొంత అడ్డుకుని కొవ్వు, పిండి పదార్థాలు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. మీరు చెప్పిన పెంటికల సంగతికి కారణం ఇదే. రెండోది ఒంటి లోపల జరిగేది: కాలేయంలో, కండరాల్లో, కొవ్వు కణజాలంలో ఏఎంపీకే అనే ఎంజైము చురుకై, కొత్త గ్లూకోజు, కొత్త కొవ్వు తయారు కావడాన్ని తగ్గించి, ఉన్నదాన్ని ఖర్చు చేయిస్తుంది. నా అభిప్రాయంలో మనుషుల విషయంలో మొదటి మార్గానికే బలం ఎక్కువ. తాగిన ఈజీసీజీలో చాలా తక్కువ భాగం మాత్రమే రక్తంలోకి చేరుతుంది. మిగిలినది పెద్దపేగుకు వెళ్లి అక్కడి బ్యాక్టీరియా చేతిలో చిన్న చిన్న అణువులుగా విడిపోతుంది. గాజు పళ్లెంలో కణాల మీద పోసి చూసే గాఢత, ఒక కప్పు తాగిన మనిషి రక్తంలో కనబడే గాఢతకు చాలాసార్లు పదుల రెట్లు ఉంటుంది. ఏ పత్రం చదివినా విద్యార్థులు ముందు ఆ సంఖ్యనే వెతకాలి.

మోతాదు కూడా ఒకసారి లెక్కవేద్దాం. మనిషి రోజుకు తినే తిండిలో తేమ తీసేస్తే సుమారు అర కిలో అనుకుంటే, ఎలుకల మేతలో కలిపిన నిష్పత్తి ప్రకారం రోజుకు 1.6 గ్రాముల ఈజీసీజీ కావాలి. రెండున్నర గ్రాముల ఆకుతో చేసిన ఒక కప్పు గ్రీన్ టీలో దాదాపు 100 మిల్లీగ్రాములు ఉంటుందనుకున్నా, పదిహేను కప్పుల పైమాటే.

జయపురం మందుల షాపు

మేడమ్ గారు పేగుల మార్గం గురించి రాశారు కనుక ఫార్మసిస్టుగా ఒక మాట చేరుస్తాను. ఈ దారిలో పనిచేసే మందులు మా అరల్లో ఇప్పటికే ఉన్నాయి. అన్నం తినబోయే ముందు వేసుకొమ్మని షుగరు రోగులకు రాసే వోగ్లిబోస్ పిండి పదార్థాల జీర్ణాన్ని నెమ్మది చేస్తుంది. ఆర్లిస్టాట్ కొవ్వును జీర్ణం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. టీ పాలీఫినాల్స్ చేస్తాయంటున్న పని కొత్తదేమీ కాదు. అయితే మాత్రలో మందు ఇంత అని కొలిచి ఉంటుంది, టీలో ఆ కొలత ఉండదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నవి గ్రీన్ టీ సారం మాత్రలు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ఇచ్చిన అభిప్రాయం ప్రకారం, మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగాయి. మామూలుగా నీళ్లలో కాచుకునే గ్రీన్ టీ విషయంలో ఆ సంస్థ అంత ఆందోళన చూపలేదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1,075 మంది రుతుస్రావం ఆగిన మహిళలతో ఏడాదిపాటు ఒక ప్రయోగం జరిగింది. సగం మందికి రోజుకు 843 మిల్లీగ్రాముల ఈజీసీజీ ఉన్న సారం, మిగిలిన సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. కాలేయ పరీక్షల్లో ఒక మోస్తరు లేదా అంతకు మించిన తేడా మొదటి వర్గంలో 6.7 శాతం మందిలో, రెండో వర్గంలో 0.7 శాతం మందిలో కనబడింది. కొందరిలో ఇది ఎక్కువగా జరగడానికి హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యు రకంతో సంబంధం ఉందని ఆ తరువాతి పరిశోధనలు చూపాయి. మా కౌంటరు దగ్గరికి వచ్చేవారిలో ఎవరికి ఆ జన్యువు ఉందో ఎవరు చెప్పగలరు? డబ్బా మీద ‘సహజం’ అని రాసి ఉంటే జనం మందుల సంగతి చెప్పేటప్పుడు డాక్టరుకు దాని పేరే చెప్పరు. కారణం తెలియకుండా ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము పెరిగిన మనిషిని, ఇలాంటి మాత్రలు వాడుతున్నారా అని డాక్టర్లు తప్పక అడగాలి.

రాయగడ టీ హోటలు

పెద్దలు రాసినదంతా శ్రద్ధగా చదివాను. స్టేషను రోడ్డులో టీ అమ్ముకుని బతుకుతున్నవాడిని కనుక నాకు తెలిసిన వైపు నుంచి రాస్తాను.

మా దగ్గర పాల టీ అంటే సగం పాలు, సగం నీళ్లు. డస్టు టీ వేసి, అల్లం దంచి వేసి, రంగు దిగేదాకా మరిగించి, ఆ గిన్నెను పొయ్యి మీద నుంచి దించకుండానే మళ్లీ పాలు, మళ్లీ పొడి కలుపుతూ పోతాం. పంచదార గిన్నెలోనే పడుతుంది కాబట్టి తాగేవాడు వద్దన్నా అప్పటికే ఆలస్యం అయిపోతుంది. నాలి చా అడిగేవారికి మాత్రం విడిగా కాస్తాం. ఒడియా వారు, కొండల మీద నుంచి సంతకు వచ్చేవారు ఎక్కువగా అదే అడుగుతారు. అందులోనూ పంచదార తక్కువేమీ పడదు.

నా ప్రశ్నలు రెండు. పాలు పోస్తే టీలోని మంచి గుణం పోతుందని అంటారు, అది నిజమేనా? ఇంతసేపు మరిగిస్తే ఏమవుతుంది?

బరంపురం పరిశోధకురాలు

హోటలు అన్నగారూ, మీ ప్రశ్నలకు నేరుగా సమాధానాలు ఉన్నాయి.

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు 2007లో 16 మంది మహిళలకు బ్లాక్ టీ ఇచ్చి చూస్తే రక్తనాళాలు బాగా వ్యాకోచించాయి. అదే టీలో 10 శాతం పాలు కలిపితే ఆ మేలు కనబడలేదు. పాలలోని కేసీన్ ప్రొటీన్లు కాటెకిన్లను పట్టుకోవడమే కారణమని వారు వివరించారు. కానీ 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు జరిపిన మరో అధ్యయనంలో పాలు కలిపినా రక్తంలోకి చేరే కాటెకిన్ల మోతాదు తగ్గలేదు. బ్రిటన్‌లో 4,98,043 మంది వివరాలతో 2022లో వెలువడిన పెద్ద అధ్యయనంలో రోజుకు రెండు లేదా అంతకు మించి కప్పులు తాగేవారిలో మరణాల ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా ఉంది. వారిలో అధికులు తాగేది బ్లాక్ టీయే. పాలు పోసుకున్నా పోసుకోకపోయినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. పాల గురించి మీరు బెంగ పెట్టుకోనవసరం లేదని నేను అంటాను.

మరిగించడం వల్ల కాటెకిన్లు కొన్ని రూపం మార్చుకుంటాయి. ఈజీసీజీ వేడికి జీసీజీగా మారుతుంది. అయితే మీరు వాడే డస్టు టీలో కాటెకిన్లు ముందే తక్కువ కనుక మరిగించడం వల్ల కొత్తగా పోయేది పెద్దగా లేదు.

ఆ గిన్నెలో అన్నిటికన్నా గట్టి ప్రభావం చూపేది పంచదారే. ఒక చెంచా పంచదార సుమారు 5 గ్రాములు. గ్లాసుకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు గ్లాసులు అనుకుంటే టీ ద్వారానే 40 గ్రాములు. చక్కెరల ద్వారా వచ్చే కేలరీలు మొత్తంలో 5 శాతానికి లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది రోజుకు సుమారు 25 గ్రాములు. 40 గ్రాముల పంచదారను ఏ పాలీఫినాలూ సరిచేయలేదు. పంచదారను గిన్నెలో వేయకుండా గ్లాసులో వేసే పద్ధతి మీ హోటల్లో పెడితే ఈ బజారులో షుగరు రోగులకు గ్రీన్ టీ డబ్బాలు చేయలేని మేలు మీరు చేసినవారవుతారు.

గుణుపురం లెక్చరరు

పంచదార విషయంలో నాకు అభ్యంతరం లేదు. కానీ మేడమ్ గారు, ఫార్మసిస్టు గారు కలిసి అసలు పరిశోధననే కొంచెం చిన్నచూపు చూస్తున్నారేమో అనిపిస్తోంది. మనుషుల మీద కూడా బలమైన ఫలితాలు వచ్చాయి కదా. 1999లో అబ్దుల్ డుల్లూ బృందం పది మంది పురుషులకు గ్రీన్ టీ సారం ఇచ్చినప్పుడు ఒక రోజులో శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు 4 శాతం పెరిగింది. 2005లో జపానులో పురుషులు 12 వారాలపాటు రోజుకు 690 మిల్లీగ్రాముల కాటెకిన్లు తాగితే ఒంటి కొవ్వు తగ్గింది. 2003లో తైవాన్‌లో షుగరు ఉన్న 20 మంది రోజుకు లీటరున్నర ఊలాంగ్ టీ (గ్రీన్, బ్లాక్ టీలకు మధ్య రకం) తాగినప్పుడు రక్తంలో గ్లూకోజు సగటు 229 నుంచి 162కు దిగింది. జపానులోనే 17,413 మందిని ఐదేళ్లు గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు ఆరు లేదా అంతకు మించి కప్పుల గ్రీన్ టీ తాగేవారికి షుగరు వచ్చే అవకాశం, వారానికి ఒక కప్పు కూడా తాగనివారితో పోలిస్తే, 33 శాతం తక్కువగా ఉంది. ఇన్ని దారుల నుంచి ఒకే వైపు చూపే ఆధారాలను పక్కన పెట్టడం సబబేనా?

బరంపురం పరిశోధకురాలు

పక్కన పెట్టడం లేదు మాస్టారూ, తూకం వేస్తున్నాను. మీరు చెప్పిన నాలుగూ నిజమైన అధ్యయనాలే, వాటిని గౌరవిస్తాను. అయితే పది మంది, ఇరవై మంది మీద జరిగిన ప్రయోగాల్లో పెద్ద ఫలితం రావడం, ఎక్కువమందిని కలిపి చూసినప్పుడు అది కుంచించుకుపోవడం మా రంగంలో తరచూ జరిగేదే.

బరువు సంగతి తీసుకుంటే, 2012లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో (అనేక ప్రయోగాలను కలిపి తూచే సమీక్ష ఇది) జపాను వెలుపల జరిగిన ఆరు ప్రయోగాల్లో గ్రీన్ టీ సారం వల్ల తగ్గిన బరువు సగటున 0.04 కిలోలు. అంటే నలభై గ్రాములు. మిన్నెసోటా మహిళల్లోనూ ఏడాది తరువాత బరువులో తేడా రాలేదు. గ్లూకోజు విషయంలో 17 ప్రయోగాలను, 1,133 మందిని కలిపి 2013లో చేసిన విశ్లేషణలో పరగడుపు గ్లూకోజు తగ్గుదల లీటరుకు 0.09 మిల్లీమోల్ మాత్రమే. మన ల్యాబు చీటీలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములకు కాస్త పైన. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్ష) 0.3 శాతం తగ్గింది. చెడు కొలెస్టరాల్ విషయంలో 14 ప్రయోగాలను కలిపిన 2011 విశ్లేషణ సగటున డెసిలీటరుకు 2.19 మిల్లీగ్రాముల తగ్గుదల చూపింది. ఈ తగ్గుదలలు నిజమైనవే, కానీ చిన్నవి. మందు మానేసి వీటి మీద ఆధారపడదగినంతటివి కావు.

మీరు ఉదహరించిన 17,413 మంది జపాను అధ్యయనంలోనే మరొక వాక్యం ఉంది: బ్లాక్ టీకి, ఊలాంగ్ టీకి షుగరుతో సంబంధం కనబడలేదు. మనం తాగేది బ్లాక్ టీ అని ముందే అనుకున్నాం. పైగా రోజుకు ఆరు కప్పుల గ్రీన్ టీ తాగే జపానీయుడు ఏం తింటాడు, ఎంత నడుస్తాడు అన్నవన్నీ ఆ 33 శాతంలో ఎంతో కొంత కలిసే ఉంటాయి. లెక్కల్లో సర్దుబాటు చేస్తారు గాని పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు.

డుల్లూ ప్రయోగం మాత్రం నాకు ఎంతో ఇష్టమైనది. కెఫీన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రాని పెరుగుదల కాటెకిన్లు కలిసినప్పుడు వచ్చింది. విద్యార్థులకు అది తప్పక చెప్పండి.

పర్లాకిమిడి ఆశా కార్యకర్త

మీ అందరి చర్చ షుగరు చుట్టూ నడుస్తోంది. మా ఊళ్లలో టీతో నేను రోజూ చూసే చిక్కు వేరు, అది కూడా ఈ పాలీఫినాల్స్ వల్లేనని శిక్షణలో చెప్పారు.

గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున ఎర్ర ఐరన్ మాత్రలు ఇస్తాం. మాత్రలు అయిపోతున్నాయి, అట్టలు ఖాళీ అవుతున్నాయి, అయినా కొందరికి రక్తం పెరగదు. ఇళ్లకు వెళ్లి చూస్తే పొద్దున పొయ్యి మీద టీ దించగానే అత్తగారు కోడలికి గ్లాసు అందిస్తుంది, కోడలు మాత్రను ఆ టీతోనే మింగుతుంది. మరచిపోకుండా ఉండాలని మాత్రల అట్టను టీ పొడి డబ్బా మీదే పెట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. టీతో వద్దు, నిమ్మకాయ నీళ్లతో మింగమ్మా అని చెబితే, టీ లేకుండా మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని అంటారు. చోడి (రాగి) అంబలి తాగి వెంటనే నాలి చా తాగేవారూ ఎక్కువే. ఆ చోళ్లలోని ఇనుము కూడా ఇలాగే పోతుందా? ఎంతసేపు ఆగమని చెప్పాలి?

బరంపురం పరిశోధకురాలు

అమ్మా, ఇంతవరకు జరిగిన చర్చ అంతటిలో అన్నిటికన్నా అవసరమైన విషయం మీరు రాశారు. మన జిల్లాల్లో టీ పాలీఫినాల్స్ ప్రభావం అనుమానానికి తావు లేకుండా కనబడేది ఇక్కడే, అది నష్టం చేసే దిశలో.

ధాన్యాలలో, ఆకుకూరలలో, చోళ్లలో ఉండే ఇనుమును పాలీఫినాల్స్ పేగులోనే పట్టుకుని కరగని ముద్దగా మారుస్తాయి. అది రక్తంలోకి వెళ్లదు. హరెల్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగంలో రొట్టెతో కూడిన భోజనంతో పాటు బ్లాక్ టీ తాగినప్పుడు ఇనుము ఒంటికి పట్టడం 79 నుంచి 94 శాతం దాకా తగ్గింది. ఆ టీలో పాలు కలిపినా ఈ అడ్డు దాదాపు అలాగే ఉందని కూడా వారు చూపారు. కాబట్టి పాల టీ అయితే పరవాలేదు అనుకోవడానికి వీల్లేదు. చోళ్లలో ఇనుమును అడ్డుకునే ఫైటేట్లు ముందే ఉంటాయి, దానికి టీ కూడా తోడైతే మిగిలేది స్వల్పం. అంబలిని పులియబెట్టి చేసే ఇళ్లలో ఫైటేట్లు కొంత తగ్గుతాయి, ఆ అలవాటును పోనివ్వకండి.

వ్యవధి గురించి. 2017లో బ్రిటన్‌లో యువతుల మీద చేసిన ప్రయోగంలో భోజనంతో కలిపి కాకుండా గంట తరువాత టీ తాగినప్పుడు ఆ అడ్డు తగ్గింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ తాగవద్దనే చెబుతున్నాయి. ఉదయం టీని వదులుకోలేని కోడలికి మాత్రను రాత్రి పడుకునే ముందుకు మార్చండి. అన్నం తిని కొంతసేపయ్యాక నిమ్మకాయ నీళ్లతో మింగితే కడుపులో తిప్పడం కూడా చాలామందికి తగ్గుతుంది. అట్టను టీ డబ్బా మీద నుంచి తీసి పక్క దగ్గర పెట్టమనండి.

సిరొంచ రైతు

మాది గడ్చిరోలి జిల్లా, గోదావరి ఒడ్డు. నాకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మందులు వాడుతున్నాను. పంచదార లేకుండా గ్రీన్ టీ తాగితే మందులకు ఏమైనా అడ్డు వస్తుందా?

జయపురం మందుల షాపు

పంచదార లేని గ్రీన్ టీ రోజుకు ఒకటి, రెండు కప్పులు తాగడం వల్ల సాధారణంగా వాడే షుగరు మాత్రలకు ఇబ్బంది రాదు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు, కొందరికి వికారంగా ఉంటుంది. బీపీ మందు పేరు మీరు రాయలేదు. నడోలాల్ అనే మందు విషయంలో జపాను పరిశోధకులు 2014లో ఒక ప్రయోగం చేశారు. రెండు వారాలపాటు రోజూ 700 మిల్లీలీటర్ల గ్రీన్ టీ తాగినవారి రక్తంలోకి చేరిన ఆ మందు సుమారు 85 శాతం తగ్గిపోయింది. పేగుల్లో మందును లోపలికి తీసుకునే దారిని కాటెకిన్లు మూసివేయడం దానికి కారణమని వారు భావించారు. మన దగ్గర ఆ మందు రాయడం అరుదు. అయినా మీ చీటీని డాక్టరుకు చూపి, టీ సంగతి కూడా చెప్పి అడగండి. మాత్రలు నీళ్లతోనే మింగండి.

రాయగడ టీ హోటలు

ఈ వారం నుంచి గిన్నెలో పంచదార వేయడం మానేసి, గ్లాసు పక్కన చెంచా పెట్టి ఇస్తున్నాను. కొందరు విసుక్కున్నారు, కొందరు ఒక చెంచాతో సరిపెట్టుకున్నారు. అన్నం తిని లేవగానే టీ అడిగే ఆడవాళ్లకు ఆశమ్మ గారు చెప్పిన ఇనుము సంగతి చెబుతున్నాను. గోడ మీద అంటించడానికి ఒక కాగితం రాసి ఇస్తే తెలుగులోనూ, ఒడియాలోనూ అచ్చు వేయిస్తాను.

గుణుపురం లెక్చరరు

కాగితం నేను రాసి పంపుతాను అన్నగారూ, మేడమ్ గారు ఒకసారి సరిచూస్తే చాలు. యాంగ్ పత్రాన్ని వచ్చే వారం తరగతిలో మళ్లీ చేపడతాను. ఈసారి మోతాదు లెక్కను విద్యార్థుల చేతనే వేయిస్తాను, హరెల్ ప్రయోగాన్ని కూడా పక్కన పెట్టి రెండింటినీ కలిపి చదివిస్తాను.